మనిషి మీద సున్నం వేయని నాంచారమ్మ

అనగా అనగా, మా తాతకు వాళ్ళ తాత చెప్పేనాటికే పాతబడిపోయిన రోజుల్లో, ఏటి ఒడ్డున వెండిరేవు అనే పట్నం ఉండేది. ఊ కొడుతూ వినండి. ఊ కొట్టకపోతే ఆపేస్తాను.

ఆ పట్నంలో నాంచారమ్మ అనే ముసలామె ఉండేది. గోడలకు సున్నం వేయడం ఆమె పని. గుల్ల ఏరి తెచ్చి కాల్చేది. నీళ్ళు పోసి ఉడికించేది. గుడ్డలో వడగట్టి, తుమ్మజిగురు కలిపి వేసేది. ఆమె వేసిన గోడకు ఆనుకుంటే వీపుకు తెలుపు అంటేది కాదు. కోటకైనా గుడిసెకైనా ఆమెది ఒకటే సున్నం. పని మొదలుపెట్టే ముందు నాంచారమ్మ కుంచె ముంచేది, కుంచె విదిలించేది, గోడ వైపు చూసేది. గోడను చూడకుండా వేసే సున్నం సున్నమే కాదనేది.

ఆ రాజ్యాన్ని ఏలే రాజుకు పొరుగు రాజంటే భయం. ఆ భయానికి ఆయన పెట్టుకున్న పేరు పౌరుషం. పొరుగువాణ్ణి బెదిరించాలని ఒక కొండ తవ్వించాడు. ఆ కొండలో చీకట్లో మిణుకుమనే రాయి ఉంది. ఆ రాయిని దంచారు, జల్లించారు, నూరారు. చివరికి ఒక కుండలో సూర్యుణ్ణి దాచి మూత పెట్టారు.

"ఈ మూత తీస్తే పొరుగు రాజ్యం బూడిదే" అని రాజు మురిసిపోయాడు.

మూత తీయకముందే కుండ పగిలింది.

ఆ పొద్దున వెండిరేవులో రెండు పొద్దులు పొడిచాయి. ఒకటి రోజూ పొడిచేది. రెండోది రాజుగారి ఆయుధశాల మీద పొడిచింది. అది ఉన్నది రెప్పపాటే. ఆ రెప్పపాటులో ఇళ్ళు పోయాయి, చెట్లు పోయాయి, మనుషులు పోయారు. రాజు దూరాన వేరే గుట్ట మీది కోటలో ఉన్నాడు. ఆయనకేమీ కాలేదు.

నాంచారమ్మ ఆ రోజు గుల్ల ఏరడానికి ఏరు సముద్రంలో కలిసే చోటికి వెళ్ళింది. అందుకని బతికింది. మూడో రోజు తిరిగి వచ్చింది. ఊరున్న చోట ఒక్క సత్రం గోడ మిగిలింది. ఆ గోడ మీద ఒక నీడ ఉంది. ఆ వెలుగుకు గోడంతా పాలిపోయింది. ఎవరో మనిషి అడ్డంగా నిలబడ్డ మేర మాత్రం నల్లగా మిగిలింది. మనిషి లేడు. నీడ ఉంది.

ఆ పొద్దున ఊళ్ళో లేక బతికిన ముగ్గురు ఆ నీడ దగ్గరికి వచ్చారు.

"మా ఆయనే. భుజం చూడండి, కావడి మోసి మోసి ఒక పక్కకు వంగింది" అంది నీళ్ళ కావడివాడి పెళ్ళాం సింగమ్మ.

"మా అమ్మ. ఆ నిలబడే తీరు నాకు తెలియదా?" అన్నాడు పడవ నడిపే కోటిలింగం.

"మీ ఇద్దరికీ కళ్ళు లేవా? వాడు నా తమ్ముడు" అన్నాడు ముసలి దూదేకుల మస్తాను.

ముగ్గురూ గోడ దగ్గరే కలబడ్డారు. నాంచారమ్మ మధ్యలో దూరింది.

"ఆగండర్రా! ఊరంతటికీ మిగిలింది ఒక్క నీడ. చించుకుంటారా ఏమిటి? ముగ్గురిదీ అనుకోండి. మీ వాళ్ళకు కనీసం నిలబడ్డ చోటుంది" అంది.

ఆ రోజు నుంచి ముగ్గురూ కలిసి వచ్చేవారు. సింగమ్మ పువ్వు పెట్టేది. కోటిలింగం నీళ్ళు చల్లేవాడు. మస్తాను చేతులు చాచి దువా చదివేవాడు.

ఏడాది తిరిగేసరికి రాజు అక్కడే కొత్త ఊరు కట్టించాడు. మళ్ళీ కొండ తవ్వాలి, మళ్ళీ కుండ చేయాలి అన్నాడు. కూలీలు వచ్చారు. కానీ కొండకు వెళ్ళే దారి సత్రం గోడ ముందు నుంచే. పలుగు భుజాన వేసుకున్నవాడు నీడను చూసి ఆగేవాడు. ఇదేమిటని అడిగేవాడు. ముగ్గురూ చెప్పేవారు. విన్నవాడు పలుగు అక్కడే దించి వెనక్కి పోయేవాడు.

రాజు కొత్వాలును పంపాడు. అతను వచ్చి నాంచారమ్మను గద్దించాడు. "ఏమే ముసలీ, సత్రం గోడకు సున్నం వెయ్యి. నీడ కనబడకూడదు."

"నీ పుణ్యముంటుంది నాంచారత్తా, చెరపకు" అని సింగమ్మ కాళ్ళు పట్టుకుంది.

నాంచారమ్మ కుంచె ముంచింది, కుంచె విదిలించింది, గోడ వైపు చూసింది. గోడంతా వేసింది. నీడ పోయింది. సింగమ్మ వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు వాన పడింది. సున్నమంతా పాలలా కారిపోయింది. నీడ మళ్ళీ నిలబడింది. ఆ సున్నంలో చుక్క జిగురు లేదు.

కొత్వాలు మండిపడుతూ వచ్చాడు. "ఈసారి జిగురు కలిపావో లేదో నేనే చూస్తాను" అని తొట్టిలో వేలు ముంచి నాకాడు. నాలుక పొక్కింది.

"సున్నం నాకి చూసే కొత్వాలును ఇన్నేళ్ళలో ఇప్పుడే చూశాను. ఆకూ వక్కా కూడా తెమ్మంటారా దొరా?" అంది నాంచారమ్మ.

కుంచె ముంచింది, కుంచె విదిలించింది, గోడ వైపు చూసింది. జిగురు దండిగా కలిపిన సున్నం గోడంతా వేసింది. నీడ అంచు దాకా వేసి, అంచు తప్పించి, మళ్ళీ అవతల వేసింది. ఇదివరకు దగ్గరికొస్తేనే కనబడే నీడ, ఇప్పుడు ఏటి అవతలి ఒడ్డుకు కూడా కనబడసాగింది.

"ఇదేం పనే?" అని కొత్వాలు గావుకేక పెట్టాడు.

"గోడకు సున్నం వేయమన్నారు, వేశాను. మనిషి మీద వేయమని ఎవరన్నారు?"

మూడోసారి రాజే వచ్చాడు. పొద్దున్నే, సైన్యంతో వచ్చాడు.

"ఆ నీడ నీకేమవుతుంది?" అని అడిగాడు.

"ఏమీ కాదు ప్రభూ. నా మొగుడికి, నా బిడ్డలకు నీడ కూడా మిగల్లేదు."

"మరి నీకెందుకు? వేస్తావా, చస్తావా?"

"ఎలాగూ చస్తున్నాను." ఆమె తల మీది ముసుగు తీసింది. తలంతా బోడి. ఆ బూడిదలో తిరిగిన చాలామందికి అలాగే జుట్టు ఊడింది, చిగుళ్ళలో నెత్తురు కారింది. "కావాలంటే మీరే వేయండి. ఇదిగో కుంచె. నేను అడ్డం రాను. కానీ వేసేముందు గోడ వైపు ఒకసారి చూడాలి. అది మా పని పద్ధతి."

రాజు కోపంగా కుంచె లాక్కున్నాడు. ముంచాడు, విదిలించాడు, గోడ వైపు చూశాడు.

వెనక నుంచి పొద్దు పొడుస్తోంది. రాజు నీడ గోడ మీద పడింది. సరిగ్గా ఆ నీడ మీదే పడింది. భుజాల మీద భుజాలు, తల మీద తల. రాజు ఉలిక్కిపడి పక్కకు జరిగాడు. ఆయన నీడ జరిగింది. గోడ మీది నీడ జరగలేదు.

రాజు చేతిలోని కుంచె జారింది. వెనక్కి తిరిగి కోటకు వెళ్ళిపోయాడు. కొండ తవ్వకం ఆగింది.

ఆయన మనసు మారిందని కొందరు చెబుతారు. నేను నమ్మను. భయపడ్డాడు, అంతే. మొదటిసారి పొరుగువాడికి కాక, తను చేసిన కుండకే భయపడ్డాడు. అది చాలు.

ఆ చలికాలంలోనే నాంచారమ్మ పోయింది. మంచాన పడ్డాక ఆ ముగ్గురినీ పిలిచి ఒకే మాట చెప్పింది. "ఏటేటా వేయండి. చుట్టూ వేయండి. మనిషి మీద వేయకండి."

వాళ్ళు వేశారు. వాళ్ళ పిల్లలు వేశారు. ఆ పిల్లల పిల్లలు వేశారు. నీడ ఎండకు, వానకు ఎప్పుడో వెలిసిపోయింది. కానీ చుట్టూ సున్నం పొర మీద పొర పేరుకుంది. ఇప్పుడా గోడలో జానెడు లోతున మనిషి ఆకారంలో ఒక గూడు ఉంది. ఎవరూ ఉలితో చెక్కింది కాదు. వేయకుండా వదిలేస్తే ఏర్పడింది.

ఇప్పటికీ ఆ సీమలో ఇళ్ళకు సున్నం వేస్తే తూర్పు గోడ మీద మనిషంత మేర వదిలేస్తారు. కొత్త కోడలు తెలియక కుంచె ఆ వైపు తిప్పితే, "అక్కడ మనిషున్నాడు, చూసి వెయ్యమ్మా" అంటుంది అత్త.

ఇంకొకటి కూడా ఉంది. ఆ ఊరి సభలో ఎవరైనా లేచి, యుద్ధం కావాలన్నా, కొండ తవ్వాలన్నా, ఎవరూ ఎదురు చెప్పరు. "సరే నాయనా, ముందు గూట్లో నిలబడి రా" అంటారు. వాడు వెళ్ళి గోడకు వీపు ఆనించి నిలబడాలి. పొడుగువాళ్ళు నిలబడ్డారు, పొట్టివాళ్ళు నిలబడ్డారు, బొర్రలు పెంచిన దొరలు కూడా నిలబడ్డారు.

ఆ గూట్లో పట్టనివాడు ఇంతవరకూ ఒక్కడూ రాలేదు.