మందాకినికి మూరెడు చోటు

కాకినాడ గొడుగుల కంపెనీలో కోదండపాణి అనే మేనేజరు ఉండేవాడు. మనసు వెన్నే, కానీ ఏ మంచిపని చేసినా నలుగురూ చూసి చప్పట్లు కొడితే తప్ప ఆయనకి చేసినట్టే ఉండేది కాదు. ఒకసారి చలివేంద్రం పెట్టించి, మంచినీళ్ళ కుండ కన్నా పెద్ద బోర్డు మీద తన పేరు రాయించుకున్నాడు. స్వీపరు కూతురు పది పాసైతే దండ తెప్పించి ఆ పిల్ల మెడలో వేశాడు. ఫొటోలో మాత్రం పిల్ల కనబడలేదు, ఆయనే కనబడ్డాడు.

ఒక వేసవిలో కంపెనీ యజమాని సుభద్రాదేవి గారు మందాకిని అనే ఆవిడని కుట్టుపనిలో చేర్చుకున్నారు. మందాకిని పుట్టినప్పుడు మగపిల్లవాడని ఉయ్యాలలో వేసి మగపేరు పెట్టారు. ఊహ తెలిసినప్పటినుంచీ తాను ఆడపిల్లనని ఆమెకి తెలుసు. ఎలా తెలుసంటే, మనకి మనం తెలిసినట్టే. పెద్దయ్యాక ఆడమనిషిగానే బతుకుతూ, మందాకిని అని తన పేరు తనే పెట్టుకుంది. నాలుగంటే నాలుగు అక్షరాలు. వాటికోసం ఇల్లు పోయింది, ఊరు పోయింది, రెండు చోట్ల పని కూడా పోయింది. అందుకే మొదటిరోజు కంపెనీ గుమ్మం ముందు నిలబడి, "ఇక్కడైనా కుదురుకుంటే అంతే చాలు" అనుకుంది.

కోదండపాణికి మాత్రం ఒళ్ళు పులకరించింది.

"ఈవిడకి మనం చేసే మర్యాద చూసి జిల్లా అంతా ముక్కున వేలేసుకోవాలి!" అన్నాడు.

ఇక చూడండి. కుట్టుమిషన్ల వరసలో అందరికీ చెక్క స్టూళ్ళు. మందాకినికి తన గదిలోని తిరుగుడు కుర్చీ తెప్పించి, మీద కొత్త తువ్వాలు పరిపించాడు. ఆ కుర్చీలో కూర్చుంటే ఆమె కాళ్ళు పెడల్‌కి అందేవి కావు. అంచు మీదికి జరిగి గట్టిగా తొక్కితే, కుర్చీ గిర్రున తిరిగి ఆమెని గోడవైపు తిప్పి పెట్టేది.

తర్వాత పెరటి చివర ఆమె ఒక్కదానికే కొత్త బాత్రూము కట్టించాడు. తలుపు మీద 'ప్రత్యేక గౌరవ అతిథికి మాత్రమే' అని రంగుల్లో రాయించాడు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర పెట్టాడు. మందాకిని మొహమాటంగా వెళ్ళి చెవి అడగ్గానే, మేనేజరు గారి ఆజ్ఞ ప్రకారం వాచ్‌మన్ మైకులో అరిచేవాడు.

"మేడమ్‌గారు బాత్రూముకి వెళ్తున్నారు! దారివ్వండహో!"

ఎనభై మిషన్లూ ఒక్కసారి ఆగేవి. పాపం, ఆమె పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగడం మానేసింది.

ఇదంతా ఒక ఎత్తు, భోజనం ఒక ఎత్తు. ఆ కంపెనీలో ఒక అలవాటు ఉండేది. మధ్యాహ్నం పొడుగాటి రేకు బల్ల చుట్టూ అందరూ చేరి క్యారేజీలు విప్పేవారు. ఎవరి కూర వాళ్ళు తినేవారు కాదు. ప్రతి గిన్నే బల్ల చుట్టూ ఒక తిరుగు తిరిగి, ఖాళీ అయి సొంతదారు దగ్గరికి చేరేది. మందాకిని మొదటిరోజు దొండకాయ వేపుడు చేసుకుని ఆశగా బల్ల దగ్గరికి వచ్చింది. కోదండపాణి పరుగున వచ్చి అడ్డం పడ్డాడు.

"అయ్యయ్యో! మీరు ఈ బల్ల దగ్గరా? మీకు హోటల్నుంచి బిర్యానీ తెప్పించాను. నా ఏసీ గదిలో హాయిగా తినండి."

"నాకు ఇక్కడే బాగుంటుందండి."

"మొహమాటపడకండి!" అని ఆయనే క్యారేజీ పట్టుకుని ముందు నడిచాడు. ఆ రోజు వేపుడు మూత తీయకుండానే ఇంటికి తిరిగెళ్ళింది.

బల్ల దగ్గర పెద్దది నూకరత్నం. ఇరవై ఏళ్ళుగా గొడుగులు కుడుతున్న మనిషి. ఆమె మూతి తిప్పింది.

"మన బాత్రూముకి పదేళ్ళనుంచి గడియ లేదు. ఆవిడగారికి పాలరాయి! మహారాణీ గారు మన పులుసు ఎందుకు తింటారండి? ఆయ్!"

అలా, మందాకినిని ఎవరూ తిట్టలేదు, ఎవరూ పలకరించలేదు కూడా. రోజూ పొద్దున్నే హాజరు పిలిచేటప్పుడు మాత్రం కోదండపాణి మైకులో ఆమె పాత మగపేరే పిలిచేవాడు. ఆ పేరు మనకెందుకు, వదిలేద్దాం.

"పేరు మార్పు కాగితం చేరినరోజే నింపి మీకిచ్చాను కదండీ," అంది మందాకిని.

"రేపే మన కంపెనీ హైదరాబాదు ఆఫీసుకి పంపిస్తాను," అన్నాడాయన. ఆ కాగితం బల్ల సొరుగులో, ఆయన సన్మానాల ఫొటోల కింద మూడు నెలలు నిద్రపోయింది.

జూన్ నెల వచ్చింది. మందాకినిలాంటివాళ్ళూ, ఆడా మగా అనే రెండు గడుల్లో ఇమడనివాళ్ళూ, ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళూ, మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళూ సిగ్గుపడకుండా తలెత్తుకుని జరుపుకునే పండగ ఆ నెలలోనే. ప్రైడ్ అంటారు. హరివిల్లు రంగులు దాని గుర్తు. ఈ సంగతి పేపర్లో చదివి కోదండపాణి ఎగిరి గంతేశాడు.

"హరివిల్లు గొడుగు కుట్టండి! పందిరంత ఉండాలి!"

"గొడుక్కి ఎనిమిది ముక్కలండి. హరివిల్లుకి రంగులు ఏడే. ఎనిమిదోది ఏం వెయ్యమంటారు?" అని అడిగింది నూకరత్నం.

"బంగారు రంగు. దాని మీద నా పేరు," అన్నాడు.

పండగ రోజు స్టేజీ కట్టారు. సుభద్రాదేవి గారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. కోదండపాణి మందాకినిని ఆ తిరుగుడు కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, గంటసేపు మాట్లాడాడు. చివరికి, "మన ముద్దుబిడ్డకి స్వాగతం!" అంటూ పెద్ద ఫ్లెక్సీ మీది తెర లాగాడు.

ఫ్లెక్సీ మీద మందాకిని ఫొటో ఉంది. దాని కింద గుమ్మడికాయంత అక్షరాలతో ఆమె పాత మగపేరు ఉంది. ఫ్లెక్సీ వాడికి పేరు హాజరు పుస్తకంలోంచే ఇచ్చారు మరి.

చప్పట్లకి లేచిన చేతులు లేచినట్టే ఆగిపోయాయి. మందాకిని శాలువా తీసి, మడత పెట్టి, కుర్చీ మీద ఉంచింది. రవికలోంచి ఒక కాగితం తీసింది.

"ఇది నా రాజీనామా అండి. నిన్ననే రాసుకున్నాను. ఈ మర్యాద మొయ్యడం నావల్ల కావడం లేదు. నాకు శాలువా వద్దు. ఆ బల్ల దగ్గర మూరెడు చోటు, అందరూ వెళ్ళే బాత్రూము, నా పేరు. ఈ మూడే అనుకుని వచ్చాను."

వెనకనుంచి నూకరత్నం లేచి నిలబడింది.

"అదేంటమ్మా! చోటు కావాలంటే అడక్కపోయావా? నువ్వు హోటలు కూడు తప్ప ముట్టవని మేమనుకున్నాం!"

"నేను మూడు నెలలనుంచి ఆ బిర్యానీ కుక్కకి పెడుతున్నానండి," అంది మందాకిని.

అందరూ గొల్లున నవ్వారు. కోదండపాణికి మాత్రం ఏడుపొచ్చింది. "నేనేం తక్కువ చేశానమ్మా? అన్నీ ఎక్కువే చేశాను కదా!" అన్నాడు. నిజంగానే ఆయనకి అర్థం కాలేదు.

సుభద్రాదేవి గారు లేచి ఆ కాగితం అందుకున్నారు.

"మందాకినీ, దీనికి వారం గడువివ్వమ్మా. కోదండపాణి గారూ, ఈ వారం ఆవిడ మర్యాదలన్నీ మీకు. వారం తర్వాత కూడా బాగుందని మీరంటే, ఈ రాజీనామా మీద నేనే సంతకం పెడతాను."

"ఓస్, అంతేనా!" అన్నాడు కోదండపాణి.

సోమవారం ఆయన్ని కొత్త తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చోబెట్టారు. పదిన్నరకి ఆయన తాళంచెవి కోసం వెళ్ళాడు. వాచ్‌మన్ మైకు అందుకున్నాడు.

"మేనేజరు గారు బాత్రూముకి వెళ్తున్నారు! దారివ్వండహో!"

ఎనభై మిషన్లూ ఆగాయి. ఎవరో లేచి నమస్కారం కూడా పెట్టారు. ఆయన సగం దారిలోనే వెనక్కి తిరిగి వచ్చేశాడు.

మంగళవారం ఏసీ గదిలో ఒంటరిగా బిర్యానీ తిన్నాడు. కిటికీ అద్దంలోంచి బల్ల కనబడుతోంది. మందాకిని దొండకాయ వేపుడు బల్ల చుట్టూ తిరుగుతోంది. గోంగూర రొయ్యల వాసన తలుపు సందులోంచి వచ్చి ఆయన ముక్కు పట్టుకుంది. ఎవరో ఏదో అన్నారు, అందరూ విరగబడి నవ్వారు. ఏమన్నారో ఆయనకి వినబడలేదు. తన గురించేనేమో అని బిర్యానీ పక్కకి నెట్టేశాడు.

బుధవారం హాజరు సుభద్రాదేవి గారే పిలిచారు.

"పెంటయ్య గారూ!"

ఎవరూ పలకలేదు. కోదండపాణి మొహం మాత్రం పాలిపోయింది. ఆయన కన్నా ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కలేదు. మూడోవాడైనా దక్కాలని తల్లి ఆయన్ని పుట్టగానే పెంటకుప్ప మీద దొర్లించి, పెంటయ్య అని పిలుచుకుంది. బళ్ళో పిల్లలు ముక్కు మూసుకుని వెక్కిరిస్తే, ఎనిమిదేళ్ళవాడు ఏడ్చుకుంటూ మాష్టారి దగ్గరికి వెళ్ళి, "నా పేరు అది కాదండి" అన్నాడు. మాష్టారు మారుమాట లేకుండా పుస్తకంలో కోదండపాణి అని రాశారు.

"మీ ఉద్యోగం ఫైల్లో మీ బడి కాగితం ఉంది లెండి, ఆ పేరు కొట్టేసి మాష్టారు కొత్తది రాసినది," అన్నారు సుభద్రాదేవి గారు. "మీ మాష్టారికి ఎంతసేపు పట్టింది?"

"కలం సిరాలో ముంచినంతసేపు," అన్నాడు కోదండపాణి. ఆ మాట తన నోట్లోంచి వచ్చాక తనే విని, నిర్ఘాంతపోయాడు. ఆ మాష్టారు దండ వెయ్యలేదు, ఫొటో తీయించుకోలేదు. అయినా నలభై ఏళ్ళుగా తను మరిచిపోలేదు.

వారం గడువుదాకా ఆగలేదు. లోపలికెళ్ళి సొరుగు లాగాడు. ఫొటోలు పక్కకి నెట్టి, కాగితం తీసి, సాయంత్రం బండికి తనే హైదరాబాదు వెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఈసారి ఫొటో తీయించుకోవడం గుర్తు కూడా లేదు. తిరిగొచ్చాక హాజరు పుస్తకం మందాకిని ముందు పెట్టి కలం ఇచ్చాడు. ఆమె నాలుగు అక్షరాలూ తాపీగా, గుండ్రంగా రాసుకుంది. ప్రత్యేక బాత్రూము మీది బోర్డు ఊడింది. తాళంచెవి అందరికీ అందే మేకుకి ఎక్కింది. పాత బాత్రూముకి గడియ కూడా పడింది. హరివిల్లు గొడుగుకి బంగారు ముక్క విప్పేసి, రోజూ కుట్టే నల్లగుడ్డే వేశారు.

ఆ మధ్యాహ్నం కోదండపాణి ఇంటి క్యారేజీ పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పిలుస్తారో లేదో అని బెదురుగా చూశాడు.

"నిలబడ్డారేంటండి? ఆయ్, సన్మానం చెయ్యాలా?" అంది నూకరత్నం.

మందాకిని నవ్వి, కాస్త జరిగి, తన పక్కన చెయ్యి చూపించింది. సుభద్రాదేవి గారు ఆమెకి తిరిగి ఇచ్చేసిన రాజీనామా కాగితం బల్ల మీదే ఉంది. దాని మీద ఆవకాయ సీసా పెట్టి ఉంది. కాగితానికి నూనె దిగి, అక్షరాలేవీ కనబడటం లేదు.

నీతి: తోటి మనిషికి శాలువా కప్పేముందు, ఆ మనిషిని తన పేరుతో పిలవాలి, కాస్త జరిగి పక్కన చోటివ్వాలి.