మంచుకుక్కల ఊళ ఒక్కసారిగా ఎందుకు ఆగుతుంది?

ఒకప్పుడు మంచుదేశంలో కుక్కలు మాట్లాడేవి. ఆకలేస్తే ఆకలేస్తోందని చెప్పేవి. కాలు నొప్పెడితే ఏ కాలో, ఏ వేలో కూడా చెప్పేవి. ఊళ వెయ్యడం మాత్రం వాటికి తెలియదు. ఊళ ఆ రోజుల్లో ఉత్తరగాలి ఒక్కదాని సొత్తు.

ఆ దేశం సముద్రం ఒడ్డున ఉంది. శీతకాలం వస్తే సముద్రం రాయిలా గడ్డకట్టేది. సూర్యుడు కొండల వెనక్కి పోయి నెలల తరబడి మొహం చూపించేవాడు కాదు. మధ్యాహ్నం వేళ కూడా ఆకాశం బూడిద రంగులో ఉండేది.

అక్కడ పంటలు లేవు, పళ్ళు లేవు. ఉన్నవల్లా సీళ్ళు. గడ్డకట్టిన సముద్రం కింద ఈదుతూ, మంచులో కన్నాలు చేసుకుని ఊపిరి పీల్చుకునే కొవ్వు జంతువులవి. వాటి మాంసమే తిండి, వాటి కొవ్వే దీపానికి చమురు. సీళ్ళు బాగా దొరికే అఖాతం ఒక్కటే ఉంది. ఊళ్ళు మాత్రం చాలా ఉన్నాయి.

అందుకని పెద్దలు ఒక పందెం పెట్టారు. ప్రతి శీతకాలం ఊరికొక మంచుబండి బయల్దేరాలి. చక్రాలు లేని బండి అది. మంచు మీద జారుతూ పోతుంది, కుక్కలు లాగుతాయి. సముద్రం ఒడ్డు నుంచి నల్లకొండ దాకా పోయి, కొండను చుట్టి రావాలి. అది రోజుల తరబడి సాగే దారి. ఎవరి బండి ముందు వస్తే ఆ ఊరికే ఆ ఏడు అఖాతం మీద హక్కు.

ఇవాలు అనే ఆమె ఊరు వరసగా ఓడిపోతూ వచ్చింది. ఆ ఊళ్ళో పిల్లలు పాత తోలుముక్కల్ని నానబెట్టి నములుతున్నారు. చమురు లేక చాలా ఇళ్ళల్లో దీపాలు ఆరిపోయాయి.

"ఈసారి నేను తోలుతాను" అంది ఇవాలు.

ఆమె కుక్కలన్నిటికీ ముందు నడిచేది ఉక్పీ. తెల్లటి ఆడకుక్క. మంచు ఎక్కడ గట్టిదో, ఎక్కడ బోలుదో పాదం పెట్టగానే చెప్పేది. దాని వెనకే దాని తమ్ముడు సీకూ పరిగెత్తేది. సీకూ చిన్నది, సన్నగా ఉండేది. అయినా అక్క ఎక్కడుంటే అక్కడ ఉండాలి దానికి. నుక్కా అని ఇంకో కుక్క ఉంది. అది వాగుడుకాయ. పరిగెడుతూ కూడా నోరు మూసేది కాదు.

బళ్ళన్నీ ఒక్కసారే బయల్దేరాయి. మొదట్లో ఇవాలు బండే ముందుంది.

"చూశారా! మన వెనక ఒక్కడూ లేడు!" అని అరిచింది నుక్కా.

"వెనక్కి చూడకు. ముందు చూసి లాగు" అంది ఉక్పీ.

నల్లకొండ చుట్టి తిరిగి వస్తుండగా సీకూ కుంటడం మొదలుపెట్టింది. కత్తి అంచులాంటి మంచుపెళ్ళ దాని అరికాలిని కోసేసింది. అడుగు వేసిన చోటల్లా ఎర్రటి చుక్క.

ఇవాలు బండి ఆపింది. సీకూని ఒడిలోకి తీసుకుని పాదం చూసింది. గాయం లోతుగా ఉంది.

"నేను పరిగెత్తగలనమ్మా" అంది సీకూ.

"అబద్ధాలాడకు నాన్నా" అంది ఇవాలు. దాన్ని బండి మీద పడుకోబెట్టి, తోలు దుప్పటి కప్పి, పడిపోకుండా పట్టీతో కట్టింది.

బండి మళ్ళీ కదిలింది. కానీ లాగే కుక్క ఒకటి తగ్గింది, మోసే బరువు ఒకటి పెరిగింది. వెనకనుంచి కునూక్ బండి వచ్చింది. కునూక్ పక్క ఊరివాడు. చెడ్డవాడేం కాదు. అతని ఊళ్ళోనూ ఆకలే. దాటి పోతూ చెయ్యెత్తి, "జాగ్రత్త చెల్లీ! ఆకాశం బాగాలేదు!" అని కేకేశాడు. కాసేపటికి అతని బండి మంచులో చుక్కయిపోయింది.

"బండి ఎంత బరువెక్కిందో! నా భుజాలు ఊడిపోతున్నాయి" అంది నుక్కా. దానికేం దురుద్దేశం లేదు. ఏది తోస్తే అది అనేస్తుంది, అంతే.

ఉక్పీ కూడా అలిసిపోయి ఉంది. "నిజమే, బరువుగానే ఉంది" అంది.

దుప్పటి కింద సీకూ ఆ మాట వింది.

ఆకాశం నిజంగానే బాగాలేదు. ఉత్తరగాలి లేచింది. మంచుపొడిని గుప్పిళ్ళతో ఎత్తి మొహాన కొట్టింది. ముందున్న కుక్క తోక వెనకున్న కుక్కకి కనబడటం లేదు. ఇవాలు కళ్ళు మూసుకుని, బండి కొయ్యని పట్టుకుని నిలబడింది. దారి ఉక్పీ పాదాలకే తెలుసు.

అప్పుడు సీకూ తల దించి, తనని కట్టిన తోలుపట్టీని కొరకడం మొదలుపెట్టింది. అది మెత్తటి పట్టీ. ఎక్కువసేపు పట్టలేదు. పట్టీ తెగాక దుప్పటి అంచు ఎత్తి, చప్పుడు కాకుండా మంచులోకి జారిపోయింది.

బండి తేలికయింది.

ఉక్పీకి ముందు సంతోషం వేసింది. "మంచు గట్టిపడ్డట్టుంది. లాగండి! లాగండి! కునూక్‌ని అందుకుంటాం!" అంది. కుక్కలన్నీ హుషారుగా దూకాయి. చాలాదూరం అలా పరిగెత్తాయి.

నుక్కానే మొదట ఆగింది. "సీకూ! ఇప్పుడు చూశావా మా పరుగు!" అని వెనక్కి కేకేసింది. జవాబు లేదు. "సీకూ! నిద్రపోయావా?" జవాబు లేదు.

"ఇవాలమ్మా, సీకూ పలకడం లేదు" అంది నుక్కా.

ఇవాలు దుప్పటి కింద చెయ్యి పెట్టింది. వెచ్చదనం లేదు. తెగిన పట్టీ చేతికొచ్చింది. దాని అంచున పళ్ళ గాట్లున్నాయి.

 సీకూని ఎవరూ తోసెయ్యలేదు, అది పడిపోనూ లేదు. తనంతట తనే దిగిపోయింది. ఎందుకు దిగిపోయిందో ఉక్పీకి అర్థమైంది. 'బరువుగానే ఉంది' అని తనే అంది. బండి తేలికైతే తనే సంతోషించింది.

"అమ్మా, వెనక్కి పోదాం" అంది ఉక్పీ.

"వెనక్కి పోతే పందెం పోయినట్టే" అంది ఇవాలు. "ఊళ్ళో పిల్లలు తోలుముక్కలు నములుతున్నారు."

 

ఇవాలు చాలాసేపు ఆ పట్టీని చేతిలో పట్టుకుని మంచులో కూచుంది. తర్వాత లేచింది. "దాన్ని బండి ఎక్కించింది నేను. దింపాల్సిందీ నేనే" అంది. బండిని వెనక్కి తిప్పింది.

వచ్చిన జాడ అప్పటికే పూడిపోయింది. ఎటు చూసినా ఒకటే తెలుపు. కుక్కలన్నీ గొంతెత్తి పిలిచాయి. "సీకూ! సీకూ! ఎక్కడున్నావు?"

ఉత్తరగాలి ఆ మాటల్ని నోటిదగ్గరే తుంచి పారేసింది.

"తాతా! మా మాటల్ని పోనియ్యి!" అని ఉక్పీ గాలిని అడిగింది.

"నేను పోనివ్వకపోవడం ఏమిటి?" అంది ఉత్తరగాలి. "మీ మాటలు పొట్టివి. ఇంట్లో పొయ్యి పక్కన చెప్పుకోడానికి పుట్టినవి. ఇంత పెద్ద మంచులో ఎంతదూరం పోతాయి?"

"నా తమ్ముడు ఎక్కడున్నాడో చెప్పు."

"నాకు కళ్ళు లేవు తల్లీ. నేను వీస్తాను, అంతే."

"నీ గొంతు దూరం పోతుందిగా! కొండలు దాటి వినిపిస్తుందిగా! నాకు ఇయ్యి!"

గాలి కాస్త నెమ్మదించింది. "ఇస్తాను. కానీ మాటా ఊళా ఒకే గొంతులో ఇమడవు. నా ఊళలో సగం మీకిస్తాను. మీ మాటలు నాకిచ్చెయ్యాలి. లోకమంతా తిరుగుతాను, నాతో మాట్లాడేవాళ్ళెవరూ లేరు. మీ మాటలుంటే నాలో నేనైనా చెప్పుకుంటాను."

ఉక్పీ మిగతా కుక్కల వైపు తిరిగింది. "నా ఒక్కదాని గొంతు చాలదు. మీరు కూడా ఇస్తారా?"

ఒక్కొక్కటే తల ఊపాయి. నుక్కా ఒక్కటే వెనకాడింది. "ఇక నా కాలు నొప్పెడితే ఇవాలమ్మకి ఎలా చెప్పను?" అంది. "రేపు నవ్వొచ్చే సంగతి జరిగితే ఎవరికి చెప్పను?"

ఎవరూ దాన్ని బలవంతపెట్టలేదు. నుక్కా గాలివైపు మూతి ఎత్తింది. "బండి బరువుగా ఉందని మొదట అన్నది నేనే. తీసుకో తాతా, నావి కూడా తీసుకో" అంది.

నుక్కా మాట్లాడిన చివరి మాటలు అవే.

గాలి వాటి నోళ్ళలోకి వీచి, మాటల్ని లాక్కుని, వాటి గొంతుల్లో తన ఊళ నింపి పోయింది.

ఉక్పీ తల ఎత్తింది. గొంతులోంచి ఊళ లేచింది. పొడుగ్గా, సన్నగా, ఆకాశాన్ని తాకేలా. మిగతావన్నీ కలిశాయి. ఇవాలు ఒళ్ళు జలదరించింది. కుక్కల నోట అలాంటి చప్పుడు అంతవరకు ఎవరూ వినలేదు. అది మంచు మీద పరుచుకుని, కొండకి తగిలి, సముద్రం మీదికి పోయింది.

తర్వాత అన్నీ ఒక్కసారే ఆగాయి. సీకూ పలికితే వినబడాలిగా! చెవులు నిక్కించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాయి.

ఏమీ లేదు. మళ్ళీ ఊళ వేశాయి. మళ్ళీ ఆగాయి. ఏమీ లేదు.

అప్పుడు ఉక్పీకి ఒక సంగతి తట్టింది. తమ పిలుపు సీకూకి వినబడే ఉంటుంది. వింటే పలికే ఉంటుంది. కానీ దాని గొంతులో ఇంకా మాటే ఉంది. పొట్టి మాట. ఊళ తమకు మాత్రమే వచ్చింది. సీకూ 'అక్కా!' అని ఎన్నిసార్లు అరిచినా ఇక్కడిదాకా రాదు.

సీకూకి కూడా ఊళ ఇమ్మని గాలిని అడగాలనుకుంది ఉక్పీ. నోరు తెరిచింది. అడగడానికి మాట లేదు.

దూరంగా ఒక బండి చప్పుడైంది. అది సీకూ కాదు, కునూక్. అతని గడ్డం నిండా మంచు. కుక్కలు వణుకుతున్నాయి.

"చెల్లీ, ఏమిటా గొంతు?" అన్నాడు.

"నా కుక్కలు సీకూని పిలుస్తున్నాయన్నా."

కునూక్ గడ్డం మీది మంచు దులుపుకున్నాడు. "దారి తప్పి సముద్రం మీదికి పోయాం. నాకేం కనబడలేదు. వెనకనుంచి ఆ గొంతు వినబడగానే నా ముందుకుక్క 'ఎవరో పిలుస్తున్నారు' అని బిగుసుకుని నిలబడిపోయింది. దిగి చూస్తే దాని కాళ్ళ ముందే మంచు పగిలి ఉంది. నల్లటి నీళ్ళు. ఇంకొంచెం పోయుంటే అందరం మునిగేవాళ్ళం" అన్నాడు.

సంగతంతా విని అతను తన బండి కూడా తిప్పాడు. అతని కుక్కలు కూడా గాలికి మాటలిచ్చి ఊళ తీసుకున్నాయి. రెండు బళ్ళ కుక్కలూ కలిసి పిలిచాయి. పిలవడం, ఆగడం. పిలవడం, ఆగడం.

గాలి తగ్గింది. మంచు చదునుగా, నున్నగా, ఒక్క అడుగుజాడ కూడా లేకుండా కనబడింది. వాళ్ళు తవ్వారు, వెతికారు. సీకూ దొరకలేదు. తిండి అయిపోయాక ఇక ఉండలేక తిరిగి వచ్చేశారు.

మిగతా ఊళ్ళ బళ్ళన్నీ ఆ మంచుగాలికి నల్లకొండ చేరకముందే వెనక్కి మళ్ళాయి. పందెంలో కునూక్ బండి ముందు వచ్చింది. అతని కుక్కలకి కాళ్ళు బాగున్నాయి మరి. పెద్దలు అఖాతం అతని ఊరికే ఇచ్చారు. కునూక్ తన ఊరివాళ్ళని కూచోబెట్టి జరిగిందంతా చెప్పాడు. కొందరు గొణిగారు. చివరికి సీళ్ళని రెండు ఊళ్ళూ పంచుకున్నాయి. రెండు ఊళ్ళకీ సగం కడుపే నిండింది. అయినా ఆ శీతకాలం ఏ పిల్లవాడూ చనిపోలేదు.

ఇవాలు తన కుక్కలకి మాంసం వేసింది. అవి తిన్నాయి. నుక్కా మూతి నాక్కుంటూ ఆమె వైపు చూసింది. ఏదో చెప్పాలన్నట్టు నోరు తెరిచి, మూసేసింది. ఇవాలు దాని నాలుగు పాదాలూ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, గాయాలేమైనా ఉన్నాయేమోనని వేళ్ళ మధ్య తడిమి చూసింది.

అప్పుడు ఉక్పీ తల ఎత్తి ఊళ వేసింది. అన్నీ కలిశాయి. తర్వాత ఒక్కసారే ఆగాయి. ఇవాలు కూడా ఊపిరి బిగబట్టి నిలబడింది.

మెల్లగా మిగతా ఊళ్ళ కుక్కలు కూడా గాలికి మాటలిచ్చి ఊళ తీసుకున్నాయి. అప్పటినుంచే మంచుదేశపు కుక్కలకి మాటలు లేవు. వాటి మాటలు ఉత్తరగాలి దగ్గరున్నాయి. తలుపు సందుల్లో అది ఏదో గొణుక్కుంటుందే, అవే. అప్పటినుంచే బండి తోలేవాళ్ళు రోజూ కుక్కల పాదాలు చేత్తో తడిమి చూస్తారు. అప్పటినుంచే కడుపు నిండగానే అవన్నీ కలిసి ఊళ వేస్తాయి. ఒకదాని తర్వాత ఒకటి తగ్గుతూ ఆగవు. తాడు తెగినట్టు అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. తెలియనివాళ్ళు అలిసిపోయాయనుకుంటారు.

అలిసిపోయి కాదు. అవి వింటున్నాయి.