కెల్టుల పందిబూర

వినండి పిల్లలూ, ఒక రాజుండేవాడు. రాజన్నాక ముగ్గురు కొడుకులుండాలి కాబట్టి ఉన్నారు. నీలోత్పల అని ఒక కూతురు కూడా ఉంది. కానీ ఎవరైనా "మీకెంతమంది పిల్లలు?" అని అడిగితే రాజు "ముగ్గురు" అనేవాడు.

ఒకనాడు గండభేరి అనే మాంత్రికుడు సభకొచ్చి, "మూడో పున్నమినాడు మీ అమ్మాయిని పెళ్ళాడతాను. కాదంటే ఊరందరినీ కప్పల్ని చేస్తాను" అన్నాడు.

వాడిని చంపడం తేలిక కాదు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. చిలక ఊరి బయటి ఇనుప బురుజులో ఉంది. బురుజు తలుపు తెరుచుకోవాలంటే, పూర్వం కెల్టులనే వీరులు యుద్ధంలో ఊదిన కంచుబూర మోగాలి. ఆ బూర ఏడు సముద్రాల అవతల, వాళ్ళ దీవిలో బురదకింద పూడిపోయి రెండువేల ఏళ్ళయింది. ఈ రహస్యాలన్నీ గండభేరే ఊరంతా చెప్పుకుని తిరిగాడు. గొప్పలు చెప్పుకోకుండా మగవాడు మాంత్రికుడై ఏం లాభం?

రాకుమారులు బూర కోసం బయల్దేరారు. "నేనూ వస్తాను. పెళ్ళి నాది కదా" అంది నీలోత్పల.

"నువ్వెందుకే?" అన్నాడు పెద్దన్న. అంతలో వంట సంగతి గుర్తొచ్చి, "సరే, రా" అన్నాడు.

సారంగుడనే పడవవాడు వాళ్ళను ఏడు సముద్రాలూ దాటించాడు. దీవిలో పెద్దన్న కత్తితో తవ్వాడు, కత్తి విరిగింది. రెండో అన్న గడ్డపారతో తవ్వాడు, అది కాలిమీద పడింది. మూడో అన్న గట్టున కూర్చుని ఎలా తవ్వాలో చెప్పాడు. నీలోత్పల అట్లకాడతో బురదను పొరలు పొరలుగా గీకింది. సారంగుడు తట్టలతో ఎత్తిపోశాడు. మూడోరోజుకి నోరు తెరిచిన పంది తల, మనిషంత పొడుగు గొట్టం, ఊదే మూతి బయటపడ్డాయి. మూడూ కంచువే, విడివిడిగా ఉన్నాయి. పక్కనే నాలుకలాంటి కర్రముక్క ఒకటి.

ఆ బురదలోనే అన్నదమ్ములు తలా ఒకటి పంచుకున్నారు.

"మరి నాకు?"

"ఆడపిల్లకు వాటా ఏమిటే? ఆ కర్రముక్క తీసుకో, పొయ్యిలోకి పనికొస్తుంది."

మూడో పున్నమినాటికి తిరిగొచ్చి, బురుజు ముందు ఎవరి వాటా వాళ్ళు ఊదారు. పెద్దన్న పంది మూతికి మూతి ఆనించి ఊదితే మీసాలకు బురద అంటింది. రెండో అన్న ఊదిన గాలి గొట్టంలోంచి అటు వెళ్ళిపోయింది. మూడో అన్నది దూడ తుమ్మినట్టు మోగింది.

"మూడూ కలపండి అన్నయ్యలూ."

"నా వాటా ఇంకొకడికిస్తానా?" అన్నారు ముగ్గురూ.

ఇంతలో గండభేరి పెళ్ళిపీటలు మోయించుకుంటూ రానే వచ్చాడు.

నీలోత్పల మెల్లగా, "పెద్దన్నయ్యా, చేతులు లాగుతున్నాయేమో, కాసేపు నేను మోస్తాను" అంది. ఇచ్చేశాడు. వాటా ఇవ్వడం వేరు, చెల్లెలిచేత మోయించడం వేరు. రెండో అన్ననూ అలాగే అడిగింది, ఇచ్చాడు. మూడో అన్న అడక్కముందే ఇచ్చాడు.

మూడూ బిగించి, పంది నోట్లో కర్రనాలుక పెట్టింది. ముందుకు చాచి ఊదబోతుంటే బురుజు కిటికీలోంచి చిలక, "అలా కాదమ్మా, నిలువుగా ఎత్తు. పంది అందరి తలల పైనుంచి చూడాలి" అంది.

ఎత్తి ఊదింది. నూరు పందులు ఒక్కసారి అరిచినట్టయింది. తలుపు ఊడిపడింది. చిలక ఎగిరొచ్చి ఆమె భుజంమీద వాలింది.

"దాని మెడ మాత్రం పట్టుకోకు తల్లీ" అని గండభేరి కాళ్ళబేరానికొచ్చాడు.

"నాకెందుకు? చిలకమ్మా, నీకిష్టమైన చోటికి పో."

"ముప్పై ఏళ్ళుగా వీడికి అజీర్తి చేస్తే కడుపునొప్పి నాకు" అంటూ చిలక అడవికి ఎగిరిపోయింది. అది పిల్లులున్న అడవి. గండభేరి పెళ్ళిగొడుగు పట్టుకుని దానివెనకే పరుగెత్తాడు. మళ్ళీ ఎవరినీ పెళ్ళి అడిగే తీరిక వాడికి దొరకలేదు.

"పందిరి వేయించాను, చుట్టాలొచ్చారు. ఇప్పుడు పెళ్ళికొడుకేడీ?" అన్నాడు రాజు.

"భోజనాలు పెట్టి పంపించండి నాన్నగారూ. పెళ్ళి నాకు తోచినప్పుడు."

ఊరివాళ్ళు, కప్పలు కాకుండా కాపాడినావిడే తమను ఏలాలని పట్టుబట్టి నీలోత్పలను గద్దెనెక్కించారు. పెళ్ళి సంగతి తోచడానికి మరో రెండేళ్ళు పట్టింది. అప్పుడు సారంగుణ్ణి పిలిచి, "నీ ప్రాణం ఎక్కడుంది?" అని అడిగింది.

"నా ఒంట్లోనే ఉందండీ."

"అయితే సరే" అని పెళ్ళాడింది. అతని ప్రాణం అతని దగ్గర, ఆమె రాజ్యం ఆమె దగ్గర ఉంచుకుని నలభై ఏళ్ళు హాయిగా ఉన్నారు.