నీళ్ళు తాగిన పడవ

“కాలవ వదిలేశారహో!”

లాకుల దగ్గర పుట్టిన కేక మా వీధి పొడుగునా పరిగెత్తుకొచ్చింది. వేసవంతా కట్టేసిన కాలవలోకి మళ్ళీ నీళ్ళొస్తున్నాయంటే మా ఊళ్ళో ఎవరైనా ఎగిరి గంతేస్తారు. మా పక్కింటి తాతబ్బాయి మాత్రం చేతిలో రంగు కుంచె వదిలేసి, “అప్పుడేనా!” అంటూ అరుగు మీద కూలబడ్డాడు.

అతని పెరట్లో రేకుల పాక కింద ఓ ముసలి మోటారు పడవ ఉంది. ఎవరో కట్టెలకి కొట్టేయబోతుంటే తెచ్చుకున్నాడు. ఆహా, ఏం ముస్తాబు చేశాడండీ! చేలో నీళ్ళు తోడే డీజిలు ఇంజను బిగించాడు. పైన లారీ పట్టాతో కప్పు, పట్టుకోడానికి చుట్టూ స్టీలు కడ్డీ, నడుమ, మీరు నమ్మరు, పాత బస్సు సీటు! అదంతా భార్య మంగాయమ్మ కోసం. చిన్నతనంలో పడవ తిరగబడి నీళ్ళు మింగిన మనిషి. అప్పట్నుంచీ పడవ ఎక్కలేదు; గోదారి పాయకి అవతల లంకలో ఉన్న సొంత అక్క గడప తొక్కలేదు. అక్కే వచ్చి చూసి పోతుండేది. ఆ అక్క సీతారత్నం ఇప్పుడు మంచాన పడింది. “లోపల చెమ్మ కనబడిందా, ఎక్కనంటే ఎక్కను,” అని మంగాయమ్మ ముందే తేల్చేసింది. అందుకని తాతబ్బాయి పలకల సందులన్నిట్లో కూరడానికి, ఆరితే రాయైపోయే జిగురు డబ్బాలు తెచ్చి పెట్టుకున్నాడు; కూరడం ఇంకా మొదలే పెట్టలేదు.

ఆ పూట జోగయ్యగారు అక్కడే ఉన్నారు. ఒకప్పుడు లాంచీ నడిపిన సరంగు. ఇప్పుడు సాయంత్రాలు మా నలుగురినీ కూర్చోబెట్టి తత్వం చెబుతారు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం మాత్రం ఆయనకి అలవాటు లేదు.

“గురువుగారండీ,” అన్నాడు తాతబ్బాయి, “మనిషికి భయం బొత్తిగా పోయే దారేదండీ? మా ఆవిడకే కాదు, నాకూ కావాలి.”

ఆయన పడవ పలకల మధ్య గోరు పెట్టి చూశారు. ఎండకి చెక్క ఎండిపోయి, గోరు ఇట్టే దూరింది. “నూలు కూరి గుగ్గిలం పూశావుగా, చాలు. ఆ జిగురు డబ్బా మూత పెట్టెయ్. పడవ దింపు.”

దింపాం. అయ్యబాబోయ్, ఎక్కడ చూసినా ఊటే! “చూశారా! నే చెప్పలేదూ!” అని గట్టు మీద మంగాయమ్మ నెత్తి కొట్టుకుంది. తాతబ్బాయి మగ్గు పుచ్చుకుని పిచ్చెత్తినట్టు తోడేస్తున్నాడు.

“తోడకురా. ఇంజను పైకి తీసి, పడవని ముంచెయ్యండి,” అన్నారు జోగయ్యగారు.

“ముంచడమా? వేసవంతా దీని మీదే పడి చచ్చానండీ!”

“ఎండిన చెక్క, దాహం తీరాలి. సందులన్నీ ఆ రాయిలాంటి జిగురుతో మూసేస్తే రేపు ఉబ్బడానికి చోటేదీ? పలకే పగులుద్ది.”

ముంచాం. ఆ సాయంత్రమే లంక నుంచి పాలు తెచ్చే కుర్రవాడు కబురు మోసుకొచ్చాడు. “పిన్నీ, పెద్దమ్మ గంజి కూడా మింగట్లేదు. ‘మంగ వచ్చిందా’ అని గుమ్మం వంకే చూత్తంది.” రేవు పడవలో పోదాం రమ్మంటే మంగాయమ్మ స్తంభాన్ని కావలించుకుంది. మళ్ళీ తనే గడియకోసారి గట్టు మీదికెళ్ళి, మునిగిన పడవని తొంగి చూసొచ్చేది. “ఇంక తోడేద్దామాండీ?” అని తాతబ్బాయి. “ఇంకా తాగనీ,” అని జోగయ్యగారు. ఈలోగా లంకలో ఆ తల్లి కాస్తా దాటిపోతేనో? అడిగే ధైర్యం ఎవరికుంది!

మర్నాడు కాదు, ఆ మర్నాడు పొద్దున్నే తోడాం. పలకకి పలక అతుక్కుపోయింది, ఊట ఆగింది. మంగాయమ్మ వంగి అడుగున అరచెయ్యి రాసి చూసుకుంది.

“చెమ్మ ఉంది.”

“ఉంటుందమ్మా.”

“ఎప్పుడారుతుంది?”

“ఆరితే మళ్ళీ కారుద్ది.”

మేం ఇంజను బిగించినంతసేపూ ఆవిడ ఆ తడి చెయ్యి వంకే చూస్తూ నిలబడింది. తర్వాత మొగుడి మీద విరుచుకుపడింది. “ఏం చూస్తారలాగ? చెయ్యందించండి!”

బస్సు సీటు వంక కన్నెత్తి చూడలేదు. కడ్డీ కరుచుకుని, అడుగునే చతికిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుంది. చుక్కాని జోగయ్యగారు పట్టారు. నేనూ ఎక్కాను, ఊరుకుంటానా! లాకులు దాటి గోదారి పాయలో పడ్డాక, పడవ ఒరిగినప్పుడల్లా ఆవిడ మొగుణ్ణీ, మొగుడి తండ్రినీ, ఇంజన్నీ కలిపి తిట్టింది.

అక్క బతికే ఉంది. “వచ్చావుటే పిరికిదానా,” అంది, ఊపిరి కూడదీసుకుని. అక్కాచెల్లెళ్ళ ఏడుపులయ్యాక, ఆ ఇంటి కోడలు మంచం చుట్టూ విస్తళ్ళు వేసింది; అందరం కూర్చున్నాం. మంగాయమ్మ పప్పన్నం మెత్తగా పిసికి, ముద్ద చేసి అక్క నోటికి అందించబోయింది. ఆ చెయ్యి గడగడా వణుకుతోంది. మా చేతులన్నీ విస్తళ్ళలోనే ఆగిపోయాయి. సీతారత్నం నోరు తెరిచింది, మింగింది.

తాతబ్బాయి గురువుగారి చెవి దగ్గరికి వంగాడు. “వణుకు పోలేదండీ,” అన్నాడు దిగులుగా.

“పోలేదు,” అన్నారు జోగయ్యగారు, అన్నం కలుపుకుంటూ. “ముద్ద జారిందా?”