హుసేనమ్మ అడిగిన మూడు మాటలు

అప్పటికి ఆ ఊరికి కరెంటు రాలేదు, బస్సు రాలేదు. డీజిల్ ట్రాక్టరు మాత్రం ఒకటొచ్చింది. వచ్చేనాటికే అది ముసలిది.

ఆ ఊళ్ళో హుసేనమ్మ ఉండేది. మొగుడు ఫిట్టరు. అతను ఇంజన్లు విప్పితే ఈమె సామాన్లు డీజిల్లో కడిగేది. అతను పోయాక కూడా ట్రాక్టరు షెడ్డులో అదే పని. కడిగేది, తుడిచేది, వరసగా పేర్చేది. ఆమెను ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

ఒక ఏడు వాన ఆలస్యంగా పడింది. వేరుశనగ విత్తడానికి నేలలో తడి పదును మూడు రోజులే. కరువులో ఎద్దులమ్ముకున్న ఊరికి ఆ ట్రాక్టరే దిక్కు. అది కాస్తా మొండికేసింది. చాలు మధ్యలో ఆగేది. కాసేపటికి లేచేది. మళ్ళీ ఆగేది.

ట్రాక్టరు లింగారెడ్డిది. మొదటిరోజు ఒక మేస్త్రీని పిలిపించాడు. "పంపు పోయింది" అన్నాడతను. విప్పి బిగించారు. అయినా ఆగిపోయింది. రెండోరోజు ఇంకొకతనొచ్చాడు. "ఫిల్టరు పూడింది" అన్నాడు. మార్చారు. అయినా ఆగిపోయింది. మూడోరోజు పొద్దున్నే పెద్దమేస్త్రీ వచ్చాడు.

"పిస్టన్లు అరిగినాయి. ఇంజను దించాల. వారం పడుతుంది."

వారానికి నేల ఎండిపోతుంది.

హుసేనమ్మ చేతులు తుడుచుకుని లేచింది. "రెడ్డీ, దించేముందు డ్రైవరు ఉరుకుందును మూడు మాటలడుగుతా."

"అడుగమ్మా" అన్నాడు లింగారెడ్డి.

"పొగ ఎట్లొస్తుంది నాయనా?"

"మామూలుగానే అత్తా. నలుపు లేదు, నీలం లేదు."

"అయితే పిస్టన్లు బాగున్నాయి. ఆగేటప్పుడు ఎట్లాగుతుంది?"

"టక్కున కాదు. నీరసించి, నీరసించి ఆగుతుంది."

"అయితే డీజిల్ అందడం లేదు. మళ్ళీ ఎప్పుడు లేస్తుంది?"

"చుట్ట కాల్చినంతసేపు వదిలేస్తే మళ్ళీ స్టార్టవుతుంది."

పెద్దమేస్త్రీ నవ్వాడు. హుసేనమ్మ ఉరుకుందు వైపు తిరిగింది. "తోలు నాయనా" అంది.

ఉరుకుందు మెల్లగా తోలాడు. ఆమె పక్కనే నడిచింది. ఇంజను నీరసించగానే చెయ్యెత్తి డీజిల్ ట్యాంకు మూత తిప్పింది. ట్యాంకు హుస్సుమని గాలి పీల్చుకుంది. ఇంజను తేరుకుంది. ఇక ఆగలేదు.

మూతకుండే సన్న బెజ్జంలో కందిరీగ మట్టి పెట్టింది. "లోపలికి గాలి పోకుంటే డీజిల్ కిందికెట్లా దిగుతుంది? ఆగినప్పుడు సందుల్లోంచి కొంచెం గాలి దూరేది, అందుకే మళ్ళీ లేచేది." అంటూ హుసేనమ్మ దాన్ని పిన్నీసుతో పొడిచింది.

"తప్పు పిస్టన్లది కాదని నీకెట్లా తెలుసమ్మా?" పెద్దమేస్త్రీ ఇప్పుడు నవ్వడం లేదు.

"ఆ పిస్టన్లు పోయినేడు కడిగింది నేనే. అవి అరగలేదని నా చేతులకు తెలుసు."

పొద్దు గుంకేలోపు చివరి చేను కూడా విత్తారు.

ఆ తర్వాత హుసేనమ్మ బతికినన్నాళ్ళూ చుట్టుపక్కల ట్రాక్టర్లన్నీ ఆమె దగ్గరికే వచ్చాయి. ఆమె పోయి ఎన్నేళ్ళయిందో లెక్క తెలిసినవాళ్ళు లేరు. కానీ అక్కడ ఏ మేస్త్రీ అయినా డ్రైవరును అడక్కుండా పానా పట్టుకున్నాడంటే, డ్రైవరు చెయ్యి అడ్డం పెడతాడు.

"ఉండప్పా," అంటాడు. "హుసేనమ్మ ఇంకా అడగలేదు."