నిదానమ్మ కొండమీద పన్నెండో గుంట

పూర్వం కంచుకోన సీమను దేవమల్ల భూపతి అనే రాజు పరిపాలిస్తూ ఉండేవాడు. ఆయన ధర్మాత్ముడే, దైవభక్తి గలవాడే, కానీ దండన దగ్గరికి వచ్చేసరికి ఆయనంత తొందరమనిషి ఇంకొకడు లేడు. నేరం చెవిన పడటం, మనిషిని ఇనుప మొనకు గుచ్చి కొరత వేయమనటం ఒక్క గుక్కలో జరిగిపోయేవి. ఆయన ఏలుబడిలో ఈ కొండమీద పదకొండుమంది ప్రాణాలు విడిచారు. ఒక్కొక్కరిని కొరత వేసిన చోట గుర్తుగా ఒక్కొక్క రాయి పాతించి, కింద బాటన పోయేవారికి అవి కనబడాలని కొండవాలున చెట్లన్నీ కొట్టించాడు. జనం దాన్ని కొరతకొండ అనేవారు. ఆ పేరు కూడా గట్టిగా అనేవారు కాదు.

ధర్మాధికారి శ్రీపతి భట్టు ఒక్కడే ఒకనాడు ధైర్యం చేసి, "ప్రభూ, చెరలో వేసినవాణ్ణి పొరపాటైతే విడిపించవచ్చు. కొరత వేసినవాణ్ణి ఏ మంత్రం చదివి దింపుతాం?" అన్నాడు.

"భట్టుగారూ, మన సీమలో తలుపులకు గడియలు లేవు. ఆ భయం నేను పెట్టిందే. అది తీసేస్తే రేపటినుంచి మీ వీధికి మీరే కావలి కాస్తారా?" అన్నాడు రాజు. సభ అంతా నవ్వింది.

అలా ఉండగా ఒకనాటి అసుర సంధ్యవేళ కొండకింద అమ్మవారి గుడిలో పూజారిని ఎవరో పొడిచి చంపి, అమ్మవారి బంగారు కళ్ళు ఊడబెరుక్కుపోయారు. గుడికి ఎదురుగా కమ్మరి మల్లోజు కొలిమి ఉండేది. పూజారి కేక విని మల్లోజు ఒక్క ఉదుటున బయటికి దూకి చూస్తే, ఆకుపచ్చ తలగుడ్డ చుట్టుకున్న మనిషి ఒకడు సందులోకి పారిపోతున్నాడు. ఆ ఊళ్ళో పచ్చ తలగుడ్డ కట్టేది భుజాన గాజుల మలారం మోసుకుని అమ్మే చెంచయ్య ఒక్కడే. ఇంకేముంది, జాము తిరగకుండా అతణ్ణి కట్టి తెచ్చారు.

"నీ కళ్ళతో చూశావా?" అని రాజు అడిగాడు.

"నా ఈ కళ్ళతోనే చూశాను ప్రభూ" అన్నాడు మల్లోజు. నిండుసభలో రాజు తనను పలకరించినందుకు ఆ క్షణాన అతనికి లోలోపల కొంత గర్వం కూడా కలిగింది.

"ఆ పూట నేను ఏటి అవతల ఉన్నా సామీ! నా పెళ్ళాంబిడ్డల మీద ఒట్టు!" అని చెంచయ్య నేలమీద పడి ఏడ్చాడు. అది విన్నవాడు లేడు. మూడోనాడు సూర్యాస్తమయానికి కొరత వేయాలనీ, ఆచారం ప్రకారం కొరత ఇనుమును మల్లోజే సాగగొట్టాలనీ ఆజ్ఞ అయింది.

రెండోనాటి సాయంత్రం మల్లోజు కొలిమిలో ఇనుము తెల్లగా కాగుతూ ఉంది. దాన్నే చూస్తూ తిత్తులు ఊదుతున్న అతనికి గుమ్మం దగ్గర అలికిడి అయింది. తలెత్తితే పచ్చచీర కట్టుకున్న ఆడమనిషి. "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

"అదేంట్రా నాయనా, మజ్జిగ తెచ్చాను, నేనురా, మీ అమ్మను!" అంది ఆమె బెదిరిపోయి. మీ నాయన పోయిన నాటినుంచి తెల్లచీర తప్ప ఎరగనిదాన్ని పట్టుకుని ఎవరంటావేమిరా అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మల్లోజు కళ్ళు మూసుకుని, కాసేపాగి తెరిచి చూశాడు. చీర తెల్లగానే ఉంది.

కొలిమి వదిలి వచ్చినవాడు కళ్ళు మూసుకుని నూరు లెక్కపెట్టి గానీ దేన్నీ చూడకూడదనీ, నిప్పును చూసిన కంటికి తెలుపు పచ్చగా కనిపిస్తుందనీ తండ్రి చిన్ననాడే నేర్పాడు. ఆనాడు పూజారి కేక విని బయటికి దూకినప్పుడు అది మరిచిపోయాడు. పారిపోయినవాడిది తెల్ల తలగుడ్డే అయి ఉండాలి, అది కట్టేవాళ్ళు ఊళ్ళో సగంమంది. అయితే అబద్ధపు సాక్షికి కూడా అదే కొరత అని రాజశాసనం. నోరు మూసుకుంటే తెల్లవారి తన బతుకు తనది, చెంచయ్య ఎవడో దారినపోయేవాడు. ఎన్నిసార్లు ఈ మాట అనుకున్నా అమ్మ తెచ్చిన మజ్జిగ ముట్టలేదు. తన చేత్తో సాగగొడుతున్న ఇనుము ఎవరికోసమో, ప్రతి సమ్మెట దెబ్బకూ అతనికి సందేహం వచ్చేది.

మూడోనాడు కొండమీద పన్నెండో గుంట తవ్వారు. పక్కనే నిప్పు పేర్చి, ఆచారం ప్రకారం తలారులు కొరత మొనను కాల్చసాగారు. చెంచయ్యను చివరి రాతికి కట్టేసి ఉంచారు. ఏడవటానికి కూడా అతనికి ఓపిక లేదు. రాజు సపరివారంగా వచ్చి నిలుచున్నాడు. అప్పుడు మల్లోజు వచ్చి ఆయన కాళ్ళమీద పడ్డాడు. జరిగినదంతా చెప్పేశాడు.

"లంచం తిన్నావా, పిరికితనమా?" అని రాజు మండిపడ్డాడు. "చూసిన కన్ను అబద్ధం చెబుతుందా?"

"తమరే చూడండి ప్రభూ. ఈ ఇనుము తెల్లబడేదాకా దీన్నే చూసి, ఇటు తిరిగి, కొరత ఎవరికో తలారులకు తమ నోటితోనే చెప్పండి. ఆ తరవాత నన్ను వేసినా సరే."

రాజు పంతానికి పోయి నిప్పుకు ఎదురుగా నిలబడి, ఇనుము ఎరుపు తిరిగి, పసుపు తిరిగి, తెల్లబడేదాకా రెప్ప వాల్చకుండా చూశాడు. చూసి, గిర్రున తిరిగి, మసక వెలుతురులో గుంట పక్కన నిలుచున్న మనిషికేసి చెయ్యి చాచి, "అడుగో, పచ్చ తలగుడ్డవాడు! ఎత్తండి!" అన్నాడు. రాజాజ్ఞకు మారుమాట ఎరగని తలారులు ఆ మనిషి రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"నాన్నగారూ! నేను! నాన్నగారూ!" అని కేక వినపడింది.

తెల్లని పట్టు తలపాగా చుట్టుకుని, వేడుక చూడటానికి ముందుకు వచ్చిన యువరాజు అతడు. ఆ గొంతు విన్నాక రాజు కళ్ళు నులుముకుని, మూసి, తెరిచి చూసేసరికి తలారులు అతణ్ణి అప్పటికే నేలనుంచి లేపి ఉన్నారు. రాజు వద్దు వద్దని చెయ్యి అడ్డంగా ఊపాడు. తలారులు కొడుకును కిందికి దించారు. రాజు ఒక్కొక్కటిగా ఆ పదకొండు రాళ్ళనూ చూసి, "వీళ్ళను ఎవరు చూశారు? ఎక్కడినుంచి చూశారు? ఎంతసేపు చూశారు?" అని అడిగాడు.

"ఎవరూ అడగలేదు ప్రభూ. ధర్మాధికారినై ఉండి నేనూ అడగలేదు" అన్నాడు శ్రీపతి భట్టు.

ఇక ఈ కొండమీద ఇనుము నిలవకూడదు అని రాజు ఆ కాలుతున్న కొరతను తానే ఈడ్చి గుంటలో పడదోశాడు. చుక్కనీరు ఎరగని ఆ బండకొండలో, ఇనుము తగిలినచోట బుస్సుమని ఆవిరి లేచి, వెంటనే చల్లని జల ఊరింది. ఇది అమ్మవారి మహిమ అని అందరూ చేతులు జోడించారు. చెంచయ్య కట్లు విప్పితే నేరుగా ఆ నీళ్ళ దగ్గరికి పోయి దోసిలితో తాగాడు. అసలు హంతకుడు మాత్రం ఎన్నటికీ దొరకలేదు. బంగారు కళ్ళూ దొరకలేదు.

రాజు అమ్మవారిని కొండమీదికి తెచ్చి, ఆ గుంట పక్కన ప్రతిష్ఠించాడు. కొత్త కళ్ళు చేయించబోతే, కంటిని తొందరపడి నమ్మిన తప్పు మనకు గుర్తుండాలని భట్టు వద్దన్నాడు. నిదానించి చూడమని మనకు నేర్పిన తల్లి గనుక నిదానమ్మ అన్నారు, కొండకూ ఆ పేరే నిలిచింది. ఇవాళ్టికీ ఎండలోంచి వచ్చిన భక్తుణ్ణి నేరుగా గర్భగుడిలోకి పోనివ్వరు. వెలుపలి మండపంలో కళ్ళు మూసుకుని కూర్చోవాలి, మల్లోజు వంశంవారు నూరు లెక్కపెట్టాలి, ఆ గుంటలోని నీరు కళ్ళకు అద్దుకోవాలి, ఆ తరవాతే దర్శనం. ఆ చీకటిలో మెల్లగా తేలివచ్చే కళ్ళులేని ముఖాన్ని చూసి ఒళ్ళు జలదరించనివారు అరుదు.

ఏటా మాఘ బహుళంలో జాతర చివరినాడు సూర్యాస్తమయ వేళ ఊరిపెద్ద పదకొండు రాళ్ళ దగ్గరికీ నడుస్తాడు. డప్పులు ఆపేస్తారు. ఒక్కొక్క రాతి ముందూ మోకరించి, "ఆ పని నువ్వు చేశావా నాయనా?" అని అడిగి, నూరు లెక్కపెట్టేదాకా చెవి ఒగ్గి ఉంటాడు. ఏ రాయీ పలకదు. దోషి ఎవరో, నిర్దోషి ఎవరో చెప్పేవారు లేరు గనుక దానికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, పక్క రాతి దగ్గరికి జరుగుతాడు.