తొమ్మిది జ్యోతులు

ధ్యానంలో కూర్చున్నప్పుడల్లా ఓబులేసుకు పిరుదుల కింద ఏదో గట్టిగా తగిలేది. గోలీల్లాంటి గడ్డలు. నొప్పి మాత్రం లేదు. ముప్పై ఏళ్ళు లారీ తోలి మానుకున్న మనిషి, ఆర్నెల్లుగా ఆదోనిలో కాసింసాబు దగ్గర శిష్యరికం చేస్తున్నాడు.

కాసింసాబు దూదేకులాయన. పరుపులు కుట్టుకుంటూనే, అడిగినవాళ్ళకు నాలుగు మంచిమాటలు చెప్పేవాడు.

"సామీ, కుండలిని వెన్ను అడుగున చుట్టుకొని ఉంటుందని పుస్తకంలో రాశారు. నాకు తగులుతోంది" అన్నాడు ఓబులేసు ఒకరోజు, గొంతు తగ్గించి.

కాసింసాబు సూదిలోకి దారం ఎక్కిస్తూ, "ముందు డాక్టరుకు చూపించు నాయనా" అన్నాడు.

చూపించుకున్నాడు. ఎక్స్‌రేలో తొమ్మిది తెల్లటి చుక్కలు కనబడ్డాయి.

"చిన్నప్పుడు ఇంజెక్షన్లు బాగా వేయించుకున్నారా? దెబ్బతిన్న కండలో కాల్షియం చేరి ఇలా గట్టిపడుతుంది. ప్రమాదమేం లేదు, వదిలేయండి" అంది డాక్టరమ్మ.

ఓబులేసు ఆ మాట వదిలేశాడు. ఎక్స్‌రేను మాత్రం వదల్లేదు.

మరునాటి నుంచి కనబడినవాళ్ళందరికీ దాన్ని ఎండకెత్తి చూపించాడు. అవి చుక్కలు కావట, జ్యోతులట. వారం తిరిగేసరికి ఇద్దరు పత్తి వ్యాపారులు అతని కాళ్ళకు మొక్కారు. ఓబులేసు నేలమీద కూర్చోవడం మానేసి ఎత్తుపీట చేయించుకున్నాడు.

అతని భార్య తిమ్మక్క వచ్చి కాసింసాబు దగ్గర మొత్తుకుంది. "నీళ్ళబిందె ఎత్తమంటే జ్యోతులు కదులుతాయంటాడు సామీ. గురువారం నుంచి తనే ఉపదేశం ఇస్తాడంట. మీరే ఎట్లన్నా దించండి."

కాసింసాబు ఓబులేసును పిలిచి ఒక్కటే అడిగాడు. "ఆ ఇంజెక్షన్లు ఎవరు వేశారప్పా?"

"మా ఊళ్ళో నర్సు, రూతమ్మ. అదెందుకులే సామీ, డాక్టర్లకేం తెలుస్తుంది!"

గురువారం వచ్చింది. ఓబులేసు తన ఇంటి వరండాలో పీటమీద కూర్చున్నాడు. ఎదురుగా పదిహేనుమంది. అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. కాసింసాబు ఒక ముసలమ్మను చెయ్యిపట్టుకుని దించాడు. ఎనభై దాటిన మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివరకు జారి ఉన్నాయి.

"లెయ్ నాయనా" అని ఓబులేసును లేపి, ఆమెను పీటమీద కూర్చోబెట్టాడు. ముందు తనే ఆమె కాళ్ళకు మొక్కాడు.

పత్తి వ్యాపారులు కంగారుపడ్డారు. "ఎవరు సామీ ఈమె?"

"ఆ తొమ్మిది జ్యోతులూ వెలిగించిన తల్లి."

రూతమ్మ ఓబులేసును తేరిపార చూసింది. "నువ్వు సుంకమ్మ కొడుకువు కదూ? సూది కనబడితే మంచం కింద దూరేవాడివి! నలుగురు పట్టుకుంటే గానీ నిక్కరు దించనిచ్చేవాడివి కాదు. ఇదిగో నా చేతిమీద, నువ్వు కొరికిన మచ్చ."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తిమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వ్యాపారులిద్దరూ చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఓబులేసు ఆ మచ్చనే చూశాడు. తర్వాత వంగి ఆమె పాదాలు తాకాడు.

ముసలమ్మ చెయ్యి అలవాటుగా అతని నుదుటిమీదకు వెళ్ళింది. "నెలల తరబడి పట్టి పీడించింది పాపం, ఆ జ్వరం. తర్వాతన్నా తగ్గిందా నాయనా?"

కాసింసాబే జవాబిచ్చాడు.

"ఇప్పుడే తగ్గిందమ్మా."